మీ ప్రశ్నలు: బైబిల్‌ని రాజు రాయించాడా?

ప్రశ్న: మాది మూడు తరాల లూథరన్ కుటుంబం. మా అబ్బాయి హైదరాబాద్‌లో బీటెక్. క్రిస్మస్‌కి ఇంటికొచ్చి, అన్నం తింటూ తింటూ "అమ్మా, యేసు పోయిన మూడొందల ఏళ్లకి కాన్‌స్టంటైన్ అనే రాజు కూర్చోబెట్టి రాయించాడంట బైబిల్, వీడియోలో చూశా" అన్నాడు. వాళ్ల నాన్న కంచం ముందు నుంచి లేచిపోయారు. పాస్టర్ గారిని అడిగితే "ఒక పొల్లయినా సున్నయినా మారలేదమ్మా, బాబు కోసం ప్రార్థన చేద్దాం" అన్నారు. నాకు ఇద్దరి మాటా పూర్తిగా ఎక్కలేదు. నిజమేంటండీ?
– ఒక తల్లి, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: ముందు మీ వారిని మళ్లీ అన్నానికి కూర్చోబెట్టండమ్మా. అబ్బాయి ప్రశ్నే అడిగాడు, తిట్టలేదు. కాకపోతే వీడియో వాడికి తప్పు చెప్పింది.

కాన్‌స్టంటైన్ 325లో బిషప్పుల్ని నీకయాకి, అంటే ఇప్పటి టర్కీలోని ఇజ్నిక్‌కి పిలిపించిన మాట నిజమే. అక్కడ పెద్ద తగువు మాత్రం పుస్తకాల మీద కాదు. అలెగ్జాండ్రియాలో ఆరియస్ అనే పాదిరి, కుమారుడు తండ్రితో సమానుడు కాడు, ఆయన కూడా సృష్టిలో భాగమే అన్నాడు, గొడవంతా దాని మీదే. ఏ పుస్తకం ఉంచాలి, ఏది తీసేయాలి అన్నది ఆ సభ తీర్మానాల్లో ఎక్కడా లేదు. మీ ఇంట్లో ఉన్న కొత్త నిబంధనలోని 27 పుస్తకాలూ, ఒకటి ఎక్కువా తక్కువా కాకుండా, ఒకే జాబితాగా మనకి మొదట కనిపించేది 367లో, అతనాసియస్ అనే బిషప్పు ఈస్టర్‌కి రాసిన ఉత్తరంలో. అది రాజాజ్ఞ కాదు.

మరి "రాయించాడు" అన్న మాట ఎక్కణ్ణుంచి వచ్చింది? నా అనుమానం ఇది. కొత్త రాజధానిలోని చర్చిల కోసం 50 ప్రతులు తయారు చేయించమని కాన్‌స్టంటైన్ యూసేబియస్ అనే బిషప్పుకి పురమాయించాడు. మనకి కొత్తగా రాయించడమూ, ఉన్నదానికి నకలు రాయించడమూ రెండూ రాయించడమే, తేడా ఎక్కడో జారిపోయి ఉంటుంది. పౌలు ఉత్తరాలు 50ల నాటివని, మార్కు సువార్త 70 ప్రాంతంలోదని ఎక్కువమంది పండితుల లెక్క. మాంచెస్టర్‌లో ఒక పపైరస్ ముక్క ఉంది, మన ఏటీఎం కార్డంత ఉంటుంది, దాని మీద పిలాతు యేసుని ప్రశ్నించే ఘట్టంలోని కొన్ని ముక్కలు, యోహాను సువార్తవి. చాలామంది దాన్ని రెండో శతాబ్దానిదంటారు, ఇంకాస్త తర్వాతిది కావచ్చనేవాళ్లూ ఉన్నారు. ఎలా చూసినా కాన్‌స్టంటైన్ కంటే ముందుదే.

ఇక పాస్టర్ గారి పొల్లు సంగతి. ఆయన మంచి మనసుతోనే అని ఉంటారు కానీ ఆ మాట నిలబడదు. కొత్త నిబంధన గ్రీకు ప్రతులు 5,000కి పైగా దొరికాయి, వాటి మధ్య పాఠాంతరాలు లక్షల్లో ఉన్నాయి. కంగారు పడకండి, చాలావరకు అక్షరదోషాలూ పదాలు అటూ ఇటూ కావడమూను. కానీ అన్నీ అలాంటివి కావు. నాలుగో శతాబ్దపు సీనాయి, వాటికన్ ప్రతులు రెండిట్లోనూ మార్కు సువార్త 16వ అధ్యాయం ఎనిమిదో వచనంతోనే ఆగిపోతుంది, స్త్రీలు భయపడి సమాధి దగ్గర్నుంచి పారిపోతారు, అంతే. తర్వాతి 12 వచనాలు అందులో లేవు. పాపం లేనివాడు మొదటి రాయి వేయండి అన్న కథ, ప్రతి గుడ్ ఫ్రైడే మెసేజ్‌లోనూ ఎక్కడో ఒకచోట వినపడేదే, అదీ యోహాను పాత ప్రతుల్లో కనపడదు. మీరే ఒక పరీక్ష చేసుకోవచ్చు. 1611 నాటి ఇంగ్లీషు కింగ్ జేమ్స్ బైబిల్‌లో యోహాను మొదటి పత్రిక ఐదో అధ్యాయం తీస్తే, పరలోకంలో తండ్రి, వాక్యం, పరిశుద్ధాత్మ ముగ్గురూ సాక్ష్యమిస్తున్నారనే వాక్యం ఉంటుంది. మన చర్చిల్లో చదివే పాత తెలుగు బైబిల్‌లో అదే చోట ఆత్మ, నీళ్లు, రక్తం మాత్రమే ఉంటాయి. ఆ వాక్యం తర్వాత చేరిందని తేలాకే మన తెలుగు పాఠంలోంచి అది తప్పుకుంది.

ఇది బైబిల్ ఒక్కదానికే పట్టిన జబ్బు కూడా కాదు. మా తాత చెప్పే వేమన పద్యం మా స్కూలు వాచకంలో ఇంకోలా ఉండేది, మా తాతదే కరెక్టని మాస్టారితో వాదించి బెంచీ ఎక్కాను. తర్వాత తెలిసింది, 1829లో వేమన పద్యాలు అచ్చేయించడానికి బ్రౌన్ దొర కూడా రకరకాల వ్రాతప్రతులు పోగేసి, పండితుల్ని పెట్టి పోల్చి చూడాల్సి వచ్చిందని. పుణెలో భండార్కర్ సంస్థ మహాభారతానికి ఇదే పని దశాబ్దాల పాటు చేసింది, వెయ్యికి పైగా ప్రతులు చూసి ప్రక్షిప్తాలు, అంటే తర్వాత ఎవరో చేర్చినవి, తీసి కింద పెట్టింది. ప్రతులు ఎక్కువ దొరికేకొద్దీ తేడాలూ ఎక్కువ కనపడతాయి, ఏది తర్వాత చేరిందో పట్టుకోవడమూ తేలికవుతుంది. అబ్బాయికి ఇది చెప్పండి. ఒక్క సున్న కూడా మారలేదని చెప్పి పంపితే, రేపు ఒక్క సున్న మారినట్టు వాడికి కనపడినప్పుడు మొత్తం వదిలేస్తాడు.

ప్రశ్న: నేను నాస్తిక కేంద్రానికి నాలుగు వీధుల అవతల పెరిగినవాణ్ణి, మొహమాటం లేకుండా అడుగుతున్నా. బైబిల్ పక్కన పెడితే యేసు అనే మనిషి ఉన్నాడనడానికి ఆధారం ఉందా?
– ఒక పాఠకుడు, పటమట, విజయవాడ

జవాబు: ఉంది, కొంచెమే అయినా గట్టిదే ఉంది. రోమన్ చరిత్రకారుడు టాసిటస్ 116 ప్రాంతంలో రాస్తూ, తిబెరి చక్రవర్తి కాలంలో పిలాతు చేతుల్లో క్రీస్తుకి మరణశిక్ష పడిందని చెప్పాడు. ఆయనకి క్రైస్తవులంటే గిట్టదు, దాన్నొక దిక్కుమాలిన మూఢనమ్మకంగా చూశాడు, కాబట్టి మొహమాటానికి రాసింది కాదు. యూదు చరిత్రకారుడు జోసీఫస్ 93–94 ప్రాంతంలో రెండుచోట్ల ప్రస్తావించాడు. అందులో ఒకచోట "ఆయనే క్రీస్తు" అని ఉంది. యూదుడిగానే బతికిన మనిషి అలా రాస్తాడా? తర్వాత ఎవరో క్రైస్తవ లేఖకుడు అక్కడ చెయ్యి పెట్టాడని చాలామంది క్రైస్తవ పండితులే ఒప్పుకుంటారు. రెండోది, యేసు తమ్ముడు యాకోబుని చంపించిన సంగతి, దాన్ని మాత్రం ఎక్కువమంది అసలైనదనే అంటారు. పిలాతు పేరు చెక్కిన రాయి 1961లో కైసరయలో దొరికింది. యేసు ఉన్నాడా లేడా అన్న దగ్గర చరిత్రకారుల్లో, నమ్మకం లేనివాళ్లతో సహా, పెద్దగా పేచీ లేదు.

మీరు సంతోషించే సంగతీ ఉంది. లూకా సువార్త యేసు పుట్టుకని యూదయ రాజు హేరోదు కాలంలోనూ పెడుతుంది, సిరియాలో రోమన్ అధిపతి కురేనియు చేయించిన జనాభా లెక్కలతోనూ కలుపుతుంది. హేరోదు పోయింది క్రీ.పూ. 4లో అని ఎక్కువమంది లెక్క, కురేనియు లెక్కలు క్రీ.శ. 6లో. ఈ పదేళ్ల తేడా సర్దడానికి జరిగిన ప్రయత్నాలు చాలానే చదివాను, ఏదీ నాకు అతకలేదు. అదే రచయితది అపొస్తలుల కార్యాలు, అందులో అకయకి, అంటే గ్రీసులోని రోమన్ రాష్ట్రానికి, అధిపతిగా గల్లియోను పేరుంటే, అక్కడి డెల్ఫీలో దొరికిన శాసనం అది సరేనంది. ఒకచోట తప్పాడని అంతా తప్పనడానికీ లేదు, ఒకచోట ఒప్పయిందని అంతా ఒప్పనడానికీ లేదు, ఏ వాక్యానికా వాక్యం చూసుకోవాల్సిందే.

పునరుత్థానం అంటారా, ఆయన కనిపించాడని శిష్యులు చాలా తొందరగానే నమ్మారు, పౌలు 50ల్లో కొరింథీయులకి రాస్తూ ఇది తనకి ముందువాళ్లు చెప్పిందేనన్నాడు. నమ్మారు అన్నంత వరకే చరిత్ర చెప్పగలదు. సమాధిలోంచి లేచాడా అన్నది శాసనాలతోనూ పపైరస్‌లతోనూ తేలదు. తేల్చేశామని మైకు పట్టుకుని చెప్పేవాళ్లు రెండు వైపులా ఉన్నారు.

ప్రశ్న: యేసు మన దేశం వచ్చి చదువుకున్నాడని, లద్దాఖ్ మఠంలో రాతలున్నాయని అంటారు, నిజమా సార్?
– డిగ్రీ విద్యార్థిని, గుణదల

జవాబు: లేదమ్మా. 1894లో నోటోవిచ్ అనే ఆయన హెమిస్ మఠంలో అలాంటి గ్రంథం చూశానని పుస్తకం వేశాడు. మరుసటి ఏడాదే డగ్లస్ అనే ప్రొఫెసర్ అక్కడికి వెళ్లి అడిగితే, మఠాధిపతి అలాంటిదేమీ లేదని తేల్చి చెప్పాడు. వచ్చాడని చెప్పదగ్గ కథ ఉన్నది శిష్యుడు తోమాకి. మూడో శతాబ్దపు సిరియాక్ కథలో ఆయన గొండఫర్ అనే భారత రాజు దగ్గరికి వస్తాడు. కథ నిండా వింతలే, అలాంటి రాజే లేడనుకున్నారు, 19వ శతాబ్దంలో ఆయన పేరున్న నాణేలు బయటపడేదాకా.