కింద బొగ్గు, పైన ఇల్లు

ప్రశ్న: మేం కొనాలనుకుంటున్న స్థలం కింద అండర్‌గ్రౌండ్ బొగ్గు గని ఉందట. 300 మీటర్ల లోతు కదా, ఇంటికేమీ కాదు అంటున్నారు అమ్మేవాళ్లు. అసలు నేల మా పేరున రిజిస్టరయ్యాక కింద ఇంకొకరు ఎలా తవ్వుతారు? చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: నేల మీ పేరున ఉన్నంత మాత్రాన కింది బొగ్గు మీది కాదండీ. చాలా చోట్ల ఈ రెండు హక్కులూ వేరు. అమెరికాలోని పెన్సిల్వేనియాలో ఒక బొగ్గు కంపెనీ 1878లో స్థలం అమ్ముతూ, కింది బొగ్గు తనదేననీ, తవ్వడం వల్ల జరిగే నష్టానికి తన బాధ్యత లేదనీ దస్తావేజులోనే రాయించుకుంది. ఇళ్లు కుంగేలా తవ్వకూడదని ఆ రాష్ట్రం 1921లో చట్టం చేస్తే, 1922లో అమెరికా సుప్రీంకోర్టు కంపెనీ వైపే తీర్పిచ్చింది. 1966లో చేసిన అలాంటిదే ఇంకో చట్టాన్ని మాత్రం 1987లో అదే కోర్టు సమర్థించింది. అన్నేళ్ల మధ్య ఎన్ని కుటుంబాలు గోడల బీటలు చూస్తూ బతికాయో! అందుకే దస్తావేజులో ప్రతి పంక్తీ చదివించుకోండి.

ఇక లోతు మాట. లోతుగా ఉంటే ఏమీ కాదన్నది నిజం కాదు. లాంగ్‌వాల్ పద్ధతిలో, అంటే పొడవాటి బొగ్గు గోడను యంత్రంతో వరసగా కోసుకుంటూ పోయే పద్ధతిలో, బొగ్గు తీసేకొద్దీ వెనకాల పైకప్పు కూలిపోతుంది, ఆ కదలిక పైదాకా వచ్చి నేల గిన్నెలా దిగుతుంది, అదీ గని హద్దు దగ్గరే ఆగదు. బ్రిటన్ గనుల్లో ఈ ప్రభావం గని హద్దు నుంచి పైకి, నిలువు గీతకు 35 డిగ్రీల వాలుగా బయటికి పాకుతుందని లెక్క వేసేవారు, ఆ లెక్కన 300 మీటర్ల లోతైతే హద్దు బయట 210 మీటర్ల దాకా ప్రభావం ఉంటుంది. గిన్నె అంచుల దగ్గర నేల సాగుతుంది, గోడలు చీలేది ఎక్కువగా అక్కడే.

పైకప్పుకి ఆసరాగా బొగ్గునే పిల్లర్లుగా వదిలి తవ్విన పాత గనులంటే నాకు ఇంకా భయం. ఆ పిల్లర్లు దశాబ్దాల తర్వాత కూడా నలిగిపోవచ్చు, తక్కువ లోతైతే ఉన్నట్టుండి గొయ్యి పడుతుంది.

లేఅవుట్‌కి అనుమతిచ్చేవాళ్లు గని మ్యాప్ చూడకపోవడం, గనివాళ్లు పైన ఏం కడుతున్నారో పట్టించుకోకపోవడం, గొడవంతా ఇక్కడే పుడుతోంది. ఇళ్లు వచ్చేశాక వాటి కోసం బొగ్గు వదిలేయాలి, లేదా నష్టపరిహారం కట్టాలి, రెండూ ఖరీదైనవే. మీరైనా డబ్బు కట్టకముందే గని ప్లాన్ అడగండి: ఏ పద్ధతి, బొగ్గు పొర మందమెంత, తవ్వకం అయిపోయిందా, ఇంకా రావాలా? లాంగ్‌వాల్ రావాల్సి ఉంటే అది దాటి నేల సర్దుకున్నాక కట్టుకోవడమే మంచిది. తక్కువ లోతులో పాత పిల్లర్లుంటే మాత్రం ఆ స్థలం వదిలేయండి.