ఆటిజం పిల్లలున్న కుటుంబాలకు కాలనీవాళ్లు ఏం చేయగలరు?

ఏప్రిల్ 2న, ప్రపంచ ఆటిజం అవగాహన దినానికి ర్యాలీ తీస్తున్నాం, ఆ కుటుంబాలకు ఇంకేం చేస్తే బాగుంటుందని అడిగారు. ర్యాలీ తీయండి, పేపర్లో ఫొటో వస్తుంది. ర్యాలీల్లో పట్టుకునే ఆ నీలం బెలూన్లు మా ఇంటికి మాత్రం ఇంతవరకు ఎందుకూ పనికి రాలేదు. మాది కర్నూలు. మా బాబుకి తొమ్మిదేళ్లు, ఆటిజం ఉంది, మాటలు తక్కువ, పెద్ద శబ్దం అస్సలు పడదు.

వినాయక మండపం సరిగ్గా మా ఇంటి ఎదురుగానే వేస్తారు. కేసీ కెనాల్ దగ్గర నిమజ్జనం చూసినవాళ్లకు మా ఊళ్లో చవితి ఎట్లుంటుందో చెప్పక్కర్లేదు. డీజే మోగితే కిటికీ అద్దాలు అదురుతాయి. వాడు చెవులు మూసుకుని మంచం కిందికి దూరతాడు, అన్నం కూడా అక్కడికే తీసుకెళ్లాలి. పోయిన సంవత్సరం పందిరి వేయకముందే వెళ్లి కుర్రాళ్లతో మాట్లాడాను. పక్కనున్న పెద్దాయన "దేవుడి పండగకి కూడా అడ్డమేనామ్మా" అన్నాడు. కుర్రాళ్లే నయం. "వాడికి ఏ పాట పడదక్కా?" అని అడిగారు. పాటతో ఇబ్బంది లేదు, ఉన్నట్టుండి మోగితేనే తట్టుకోలేడని చెప్పాను. బాక్సులు మెయిన్ రోడ్డు వైపు తిప్పారు. పాట పెట్టబోయే ముందు ఫోన్ చేసేవాళ్లు, నేను వాడిని వెనక గదిలోకి తీసుకెళ్లేదాన్ని.

ఒకరోజు పొద్దున్నే, సందడి లేనప్పుడు, వాడిని మండపానికి తీసుకెళ్లాను. పళ్లెంలో కొబ్బరి ముక్కలు వరసగా పేర్చుకుంటూ కూర్చున్నాడు. ఒక అవ్వ వచ్చి మధ్యలో ముక్క తీసింది. ఇంక చూస్కోండి, ఒకటే అరుపులు. నేను ఎత్తుకుని ఇంటికి పరిగెత్తబోతుంటే, ఇంటర్ చదివే పిల్లోడొకడు ఆ ఖాళీలో ఇంకో ముక్క పెట్టి, "అవ్వా, నువ్వు ఈ పళ్లెంలో తీసుకో" అన్నాడు. అరుపులు ఆగాయి. ఆ పిల్లోడికి ఆటిజం గురించి ఎవరూ క్లాసు చెప్పలేదు, నాలుగు రోజులుగా మావాడిని చూస్తున్నాడు, అంతే. అందుకే నేనంటాను, కాలనీలో ఒక్కరిని పట్టుకుని ఒక్క పని అడగండి, పది ఉపన్యాసాల కన్నా మేలు.

మా బంధువుల సంగతి వేరే. "ఫోన్ ఇచ్చి చెడగొట్టారు" అంటారు, తాయెత్తు తెస్తారు, మాత్రలతో పూర్తిగా నయమని వాట్సాప్‌లో పంపుతారు. ఆటిజాన్ని మాయం చేసే మందే లేదు. మాటలు నేర్పే స్పీచ్ థెరపీ, రోజువారీ పనులు నేర్పే ఆక్యుపేషనల్ థెరపీలతో పిల్లలు నిదానంగా నేర్చుకుంటారు. మామూలు పిల్లాడిలా చేసిస్తామని ఒక సెంటర్‌వాళ్లు ఏడాది ఫీజు ముందే కట్టించుకున్నారు. ఆ టెన్షన్ ఇప్పుడెందుకులెండి.

సదస్సు పెట్టి తీరాలంటే కాగితాల పని తెలిసిన మనిషిని కూర్చోబెట్టండి. 2016 వికలాంగుల హక్కుల చట్టంలోని 21 వైకల్యాల్లో ఆటిజం కూడా ఉందని చాలామంది తల్లులకు తెలియదు. వైకల్యం ఉందని ప్రభుత్వం ఇచ్చే సదరం సర్టిఫికెట్, దేశమంతా చెల్లే వైకల్య గుర్తింపు యూడీఐడీ కార్డు, థెరపీ ఖర్చుతో సహా లక్ష రూపాయల దాకా వచ్చే నిరామయ ఆరోగ్య బీమా, వీటికి దరఖాస్తులు అక్కడే నింపించండి. సదరం క్యూలో మావాడితో నిలబడటం నరకం, ఎవరైనా తోడొస్తే సగం బరువు తగ్గుతుంది.

ఇంకొకటి. పెళ్లికి పిలిచినప్పుడు "బాబుని కూడా తీసుకురా" అంటారు, సంతోషం. మేం బంతిలో కూర్చుని తినేదాకా వాడిని చూసుకునే మనిషిని కూడా చూడండి. నేను పెళ్లి భోజనం వేడిగా తిని చాలా కాలమైంది.