గుట్ట మీదికి జేసీబీని రానీకు

చిరంజీవి శైలజకు మామ ఆశీర్వదించి రాస్తున్నది.

బెంగళూరు ఉద్యోగం మానేసి ఊళ్లో మేత పోరంబోకును మళ్లీ పచ్చగా చేసే పని తలకెత్తుకున్నావని నిన్న మీ అమ్మ ఫోన్లో చెప్పింది. మనింటి పిల్లకు గుట్ట మీద ధ్యాస పుట్టిందని ఎంత సంతోషపడ్డానో. ఆ వెంటనే ఇంకో మాట అంది. వచ్చే వారం జేసీబీ వస్తోందట, కంపంతా పెకలించి, చదును చేసి మొక్కలు నాటుతారట. రాత్రి నిద్ర పట్టలేదు తల్లీ.

సర్వేయరుతో హద్దులు వేయించు, పంచాయతీ తీర్మానం రాయించు. ఆక్రమణలుంటే నోటితో గొడవపడకు, అర్జీ పెట్టు. 2011లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఊరుమ్మడి భూముల పక్షానే ఉంది. కందకాలు వాలుకు అడ్డంగా ఉపాధి హామీలో తవ్వించు. మేతకు వేసే స్టైలో మొక్క గింజ పెంకు గట్టిది, వేడినీళ్లలో కాసేపు ఉంచి చల్లు. ఇవన్నీ నీకు తెలిసినవే.

తెలియనిది ఒకటుంది. మీ అమ్మకు కూడా నేను పూర్తిగా చెప్పలేదు.

1996లో ఊళ్లో వాన నీటిని, మట్టిని కాపాడే వాటర్‌షెడ్ కమిటీకి నన్ను పెద్దను చేశారు. నాకప్పుడు 34 ఏళ్లు. గుట్ట వాలంతా మోకాలెత్తు గుబుర్లు. చండ్ర, రేగు, మోదుగ, తిరుమాను, అన్నీ మేకలు కొరికి కొరికి గుండ్రంగా తయారైనవి. నా కంటికి అదంతా పిచ్చికంప. ట్రాక్టరు పెట్టి అడుగు లోతున దున్నించాను.

మేకలు కాసే ముసలమ్మ ఒకామె చాల్లోకి దిగి, ఒక మొద్దు ఈడ్చుకొచ్చి నా ముందు పడేసింది. పైన చూస్తే జానెడు మోదుగ పిలకలు, కింద నా తొడంత లావు వేరు. నాగలి కోసిన చోట ఎర్రటి రసం బొట్లు బొట్లుగా కారుతోంది. "నేను కాపురానికొచ్చినప్పుడు ఈ చెట్టు నీడన కూర్చున్నా నాయనా. నరికినారు, చావలేదు. మేకలు తిన్యాయి, చావలేదు. ఈ పొద్దు నువ్వు చంపినావు" అంది. నేను నవ్వేసి, కానీమని డ్రైవరుకు చెయ్యి ఊపాను.

మన అనంతపురం సీమలో ఏడాదికి పడేదే 550 మిల్లీమీటర్లు, అదీ కొన్నిసార్లు ఒక్క రాత్రిలో కుమ్మరించి పోతుంది. ఆ ఏడు అట్లాగే కుమ్మరించింది. తెల్లారి పోయి చూస్తే కుంట నీళ్లు ఎర్రగా చిక్కగా ఉన్నాయి. నేను గుల్ల చేసిన మట్టంతా దాంట్లోకి దిగింది, గుట్ట మీద గులకరాళ్లు తేలాయి. నాటిన నర్సరీ మొక్కలు మరుసటి ఎండాకాలానికి పుల్లలయ్యాయి. మేకలకు ఆకూ లేదు, గడ్డీ లేదు. ముసలమ్మ తన ఏడు మేకల్ని సంతలో అమ్ముకుంది. ఆ తర్వాత ఎదురుపడినా ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది.

ఎండ ఏటవాలుగా పడినప్పుడు ఆ చాళ్లు ఇప్పటికీ కనిపిస్తాయి. చిన్నప్పుడు నా భుజం మీద కూర్చుని "మామా, ఆ గీతలేంది?" అని అడిగావు, గుర్తుందా? వాన గీతలని చెప్పాను. అబద్ధం చెప్పానమ్మా.

అందుకే, ఆ గుబురు ప్రతి ఒక్కటీ చెట్టే అనుకో. దగ్గర కూర్చుని చూడు. పది పిలకలుంటే బలమైనవి రెండు ఉంచి, మిగతావి కొడవలితో కోసెయ్. మేక నోటికి కొన అందనంత ఎత్తు పెరిగేదాకా కాచుకుంటే చాలు. కింద వేరు ఉంది కాబట్టి నర్సరీ మొక్క కంటే ముందే లేస్తుంది. సర్కారు తుమ్మ సంగతి వేరు. దాన్ని మొదలంటా తీయాలి, అదీ మనుషులతో, గడ్డపారతో, కొంచెం కొంచెంగా.

కాచుకోవడమంటే మేకల్ని తరమడం కాదు. గుట్టను మూడు భాగాలు చేసి ఒకటి మూయి, రెండు వదులు. ఏది ముందు మూయాలో మేకలున్న ఆడవాళ్లనే అడుగు. కుంటకు పోయే దారి మాత్రం ఎన్నడూ మూయకు. మొక్క చేతబట్టి ఫొటోలు దిగడానికైతే నన్ను పిలవొద్దు, చెబుతున్నా.

నాకున్న ఇంకో భయం అగ్గి. గడ్డి లేచిందంటే దానితోపాటు అదీ వస్తుంది. సంక్రాంతిలోపే అగ్గిదారులు, అంటే మంట దాటకుండా గడ్డి లేని బాటలు, చెక్కించు, ఉగాది దాటేదాకా కాపలా పెట్టు. చెన్నేకొత్తపల్లి దగ్గర కల్పవల్లి గుట్టలకు ఒకసారి పోయి రా. అవీ ఒకప్పుడు బోడి గుట్టలే. టింబక్టు కలెక్టివ్ అనే స్వచ్ఛంద సంస్థ వాళ్లు, చుట్టూ ఊళ్ల జనం 1990ల నుంచి అగ్గి పడకుండా, నరకకుండా కాపాడుకొచ్చారు. వంకల పొడుగునా ఈతచెట్లు, వాలంతా బోద గడ్డి. అక్కడి కాపలాదారులతో మాట్లాడు, నాకంటే బాగా చెబుతారు.

ఎండలో తలకు గుడ్డ కట్టుకో. నీకు చిన్నప్పటి నుంచీ ఎండ పడదు. చెప్పులతో గుట్టెక్కకు, రాళ్ల సందుల్లో పింజరలుంటాయి.

ఆదివారం పొద్దున బస్సుకు వస్తున్నా. జేసీబీ అతనికి అడ్వాన్సు ఇచ్చేసి ఉంటే తిరిగి అడగొద్దు. ఆ డబ్బు నేనిస్తాను.

మీ మామ