వెబ్ డిజైన్ నేర్చుకోవడానికి అమీర్‌పేట కోర్సు తప్పనిసరా?

బీకాం చదివిన తనకు ప్రోగ్రామింగ్ రాదని, వెబ్ డిజైన్, ఫ్రంట్ ఎండ్ (పేజీలో కంటికి కనిపించే భాగాన్ని తయారుచేయడం) నేర్చుకోవడానికి అమీర్‌పేటలో ఫీజు కట్టి చేరాలా, ఉచితంగా దొరికేవి సరిపోతాయా అని ఒకరు అడిగారు. కొన్నేళ్లుగా ఈ పనిలోనే ఉండి, మా జట్టులో చేరే కొత్తవారికి నేర్పుతున్న అనుభవంతో చెబుతున్నాను: ఉచితమైనవి చాలు, కానీ వాటిలో ఒకదాన్ని పట్టుకొని చివరిదాకా వెళ్లాలి. వీడియో చూస్తున్నంతసేపు అంతా అర్థమైనట్టే ఉంటుంది, ఖాళీ ఫైలు తెరిచాక చెయ్యి కదలదు. అందుకే రాయించే కోర్సునే ఎంచుకోండి.

ఫ్రీకోడ్‌క్యాంప్ అనే ఉచిత వెబ్‌సైటు బ్రౌజర్‌లోనే కోడ్ రాయించి, అది సరిగ్గా ఉందో లేదో అక్కడికక్కడే చెబుతుంది కనుక ప్రోగ్రామింగ్ వాసన లేనివారికి అదే అనువైనది. ది ఓడిన్ ప్రాజెక్ట్ అనే మరో ఉచిత కోర్సు ఇంకా లోతైనదే గాని, మొదట్లోనే లినక్స్ (విండోస్ వంటి మరో ఆపరేటింగ్ సిస్టమ్), గిట్ (కోడ్‌లో చేసిన మార్పులను భద్రపరిచే సాధనం) అమర్చుకోమంటుంది. ఆ ఓపిక ఉన్నవారు నిస్సందేహంగా దానికే వెళ్లవచ్చు. ఏది చేసినా సందేహం వచ్చినప్పుడు చూడవలసింది మొజిల్లావారి ఎండీఎన్ అనే వివరణల సైటు. డబ్ల్యూ3స్కూల్స్ చప్పున ఒక ఉదాహరణ చూసుకోవడానికి పనికొస్తుంది, అయితే పేరు చూసి అది వెబ్ ప్రమాణాలు రూపొందించే డబ్ల్యూ3సీ సంస్థదని చాలామంది పొరబడతారు. రెండింటికీ సంబంధం లేదు.

వీటన్నిటికన్నా ఎక్కువ నేర్పేది మీ బ్రౌజర్‌లోనే ఉంది. క్రోమ్‌లో ఎఫ్12 నొక్కి ఏదైనా పేజీలోని ఒక పెట్టెను ఎంచుకుంటే, దానికి వర్తిస్తున్న సీఎస్ఎస్ (పేజీ రూపాన్ని నిర్ణయించే భాష) నియమాలన్నీ పక్కన కనిపిస్తాయి. ఒక్కొక్కదాని ఎదుట ఉన్న టిక్కు తీసి, పెట్టి, ఏం మారుతుందో గమనించండి. 300 పిక్సెళ్ల వెడల్పు ఇచ్చిన పెట్టెకు ఇరువైపులా 20 చొప్పున ప్యాడింగ్ (లోపలి ఖాళీ), 1 చొప్పున బోర్డరు (అంచు గీత) చేరిస్తే అది 342 పిక్సెళ్లు ఆక్రమిస్తుంది. వెడల్పును ఎలా లెక్కించాలో చెప్పే బాక్స్-సైజింగ్‌ను బోర్డర్-బాక్స్‌గా మార్చగానే మళ్లీ 300కు వస్తుంది. ఈ లెక్కను మా కొత్తవారికి ఎన్నిసార్లు నోటితో చెప్పినా నిలవలేదు, కంటితో చూశాక మరచిపోలేదు. పెట్టెలను వరుసలో అమర్చే సీఎస్ఎస్ పద్ధతి ఫ్లెక్స్‌బాక్స్‌ను నేర్చుకోవడానికి ఫ్లెక్స్‌బాక్స్ ఫ్రాగీ అనే ఆట ఉంది; 24 అంచెల్లో కప్పలను తామరాకుల మీదికి చేర్చాలి. పిల్లల ఆటలా కనిపించినా, ఆడి తీరవలసినదే.

ఇంగ్లీషు పాఠాలు సాధారణంగా చెప్పని విషయం ఒకటుంది. వాటిలో శీర్షికలకు లైన్-హైట్ (అక్షరాల సైజుకు ఎన్ని రెట్లు పంక్తి ఎత్తు ఉండాలన్నది) 1.1 లేదా 1.2 ఇవ్వమంటారు. తెలుగు శీర్షికకు అదే ఇస్తే, పెట్టె దాటిన భాగాన్ని దాచే ఓవర్‌ఫ్లో హిడెన్ ఉన్న చోట "లక్ష్మి", "రాష్ట్రం" వంటి మాటల్లో ఒత్తుల అడుగుభాగం తెగిపోవచ్చు. నేను తెలుగు పేజీలకు 1.6తో మొదలుపెట్టి, ఫాంటును బట్టి సవరిస్తాను. గూగుల్ ఫాంట్స్‌లో మండలి, రామభద్ర, నోటో సాన్స్ తెలుగు వంటివి ఉచితంగా దొరుకుతాయి. ఒకే వాక్యాన్ని మూడింటిలోనూ పెట్టి చూస్తే తేడా తెలుస్తుంది.

పేజీని స్పందించేలా చేసే భాష జావాస్క్రిప్ట్‌కు జావాస్క్రిప్ట్ డాట్ ఇన్ఫో సైటు చాలు. దాని మీద ఆధారపడిన రియాక్ట్ అనే లైబ్రరీ జోలికి ఇప్పుడే పోవద్దు. ఇంత చెప్పినా, ఎవరో ఒకరు వెంటపడి చదివిస్తే తప్ప కుదరదనుకుంటే అమీర్‌పేటకే వెళ్లండి, అందులో తప్పేమీ లేదు. కాకపోతే ఫీజు కట్టకముందు డెమో క్లాసులో కూర్చొని, అక్కడ కోడ్ రాస్తున్నది పాఠం చెప్పేవారొక్కరేనా, విద్యార్థులు కూడానా అన్నది చూసుకోండి.