టాపిక్ సంగతి తర్వాత, ముందు ల్యాబ్ చూసుకోండి

అమెరికాలో వైద్య పరిశోధనలో పీహెచ్‌డీ సీటు వచ్చిన పిల్లలు ఫోన్ చేస్తే మొదట అడిగేది టాపిక్ గురించే. క్యాన్సర్ మంచిదా, న్యూరోసైన్స్ మంచిదా, ఇమ్యునాలజీ చేస్తే ఉద్యోగాలు దొరుకుతాయా అని. నేను మాత్రం ఎవరి దగ్గర చేరబోతున్నారో చెప్పమంటాను. టాపిక్ మధ్యలో మారొచ్చు, చాలామందికి మారింది కూడా. కానీ పీహెచ్‌డీ పూర్తవడానికి మామూలుగా అయిదారేళ్లు పడుతుంది. అన్నేళ్లూ మీ జీతం, మీ పేపర్లు, మీ సెలవులు, చివరికి మీ రికమండేషన్ లెటర్, అన్నీ చాలావరకు ఒకే మనిషి చేతిలో ఉంటాయి. ఆ మనిషి మీ పీఐ, అంటే ల్యాబ్‌ని నడిపే ప్రొఫెసర్.

బయోమెడికల్ ప్రోగ్రాముల్లో చాలావాటికి మొదటి ఏడాది రొటేషన్లు ఉంటాయి. సాధారణంగా మూడు ల్యాబుల్లో, ఒక్కోదాంట్లో రెండు మూడు నెలలు పనిచేసి, చివర్లో ఒకటి ఎంచుకోవాలి. మనవాళ్లు దీన్ని పరీక్ష అనుకుని, మెప్పు కోసం అర్ధరాత్రి దాకా బెంచి దగ్గరే ఉండిపోతారు. అంత తక్కువ కాలంలో గొప్ప ఫలితమేదీ రాదు, రావాలని ఎవరూ ఆశించరు కూడా. కాస్త తలెత్తి చుట్టూ చూడండి. ముఖ్యంగా ల్యాబ్ మీటింగులు మానొద్దు.

ఒక విద్యార్థి వెస్టర్న్ బ్లాట్ (శాంపిల్‌లో ఒక ప్రొటీన్ ఎంత ఉందో బ్యాండ్ల రూపంలో చూపే పరీక్ష) చూపిస్తున్నాడనుకోండి. మందు ఇచ్చిన శాంపిల్‌లో కావలసిన బ్యాండ్ తగ్గింది. కానీ అన్ని శాంపిళ్లలో ఒకేలా ఉండాలని కంట్రోల్‌గా పెట్టిన యాక్టిన్ అనే ప్రొటీన్ బ్యాండ్ కూడా అక్కడే పలచబడింది. ప్రొటీన్ నిజంగా తగ్గిందో, శాంపిలే తక్కువ పడిందో ఆ బ్లాట్ చూసి చెప్పలేం. అప్పుడు పీఐ ఏమంటారో గమనించండి. "లోడింగ్ సరిచూసుకుని మళ్లీ చెయ్యి, మూడుసార్లూ ఇదే వస్తే అప్పుడు మాట్లాడుకుందాం" అన్నారా, అక్కడ మీకు పని వస్తుంది. అందరి ముందూ అరిచారా, అక్కడ పిల్లలు బాగా రాని బ్లాట్లు దాచిపెట్టుకుంటారు. "యాక్టిన్ వదిలేసి, ఆ తగ్గిన బ్యాండ్ ఒక్కటే ఫిగర్‌లో పెట్టేద్దాం" అన్నారా, ఆ ల్యాబ్ ఎంత పేరున్నదైనా సరే వద్దు.

ఇక డబ్బు. దీని గురించి అడగడానికి మనకు మొహమాటం, కానీ అడగాల్సిందే. అమెరికా ప్రభుత్వ వైద్య పరిశోధన సంస్థ ఎన్ఐహెచ్ విద్యార్థులకు ఇచ్చే ఎఫ్31 ఫెలోషిప్పులు, యూనివర్సిటీలకిచ్చే టీ32 శిక్షణ గ్రాంట్లు అమెరికా పౌరులకు, గ్రీన్ కార్డు ఉన్నవాళ్లకే. ఎఫ్-1 స్టూడెంట్ వీసా మీద వచ్చినవాళ్లకు అవి రావు. కాబట్టి మొదటి ఏడాది ప్రోగ్రామ్ ఇచ్చినా, తర్వాత మీ స్టైపెండ్ ఎక్కువగా పీఐ గ్రాంట్ నుంచే రావాలి. ఎన్ఐహెచ్ రిపోర్టర్ అనే వెబ్‌సైట్ అందరికీ ఉచితం. అందులో ప్రొఫెసర్ పేరు కొడితే ఎన్ని గ్రాంట్లున్నాయో, ఏడాదికి ఎంత వస్తోందో, ఏ తేదీన ముగుస్తాయో కనిపిస్తుంది. ప్రొఫెసర్ల పరిశోధనకు ఎన్ఐహెచ్ ఇచ్చే ఆర్01 గ్రాంట్ మామూలుగా నాలుగైదేళ్లే. ఉన్న ఒక్క ఆర్01 వచ్చే ఏడాదితో అయిపోతుంటే, "రెన్యూవల్ రాకపోతే నా స్టైపెండ్ ఎక్కడి నుంచి వస్తుంది?" అని సూటిగా అడగండి. 2025లో నడుస్తున్న గ్రాంట్లు కూడా చాలా రద్దయ్యాయి, అందుకని ఈ ప్రశ్నకు ఇప్పుడు ఎవరూ ఏమీ అనుకోరు. డిపార్ట్‌మెంట్ ఆదుకుంటుందా అన్నది ప్రోగ్రామ్ డైరెక్టర్‌ని విడిగా అడగాలి. అమెరికన్ హార్ట్ అసోసియేషన్ ప్రీడాక్టొరల్ ఫెలోషిప్‌కి మాత్రం ఎఫ్-1 వాళ్లు కూడా అప్లై చేసుకోవచ్చు. గుండె, రక్తనాళాలు, మెదడుకు సంబంధించిన పనైతే దాన్ని వదులుకోకండి.

ఎలుకల మీద ప్రాజెక్ట్ అయితే ఇంకో లెక్క చూసుకోవాలి. గర్భం సుమారు మూడు వారాలు. పుట్టిన పిల్లలు జతకట్టే వయసుకు రావడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు. అంటే ఒక తరానికి దాదాపు రెండున్నర నెలలు. రెండు జన్యువులూ లేని ఎలుక కావాలని, రెండింటిలోనూ ఒక్కో కాపీ మాత్రమే పోయిన ఎలుకలను జతచేస్తే, పదహారింటిలో ఒక్కటి వస్తుంది. అది లెక్క ప్రకారం; నిజంగా రెండు మూడు కాన్పుల్లో ఒక్కటీ రాకపోవచ్చు. "ఎలుకలు సిద్ధంగా ఉన్నాయా, నేనే తయారు చేసుకోవాలా?" అన్న ఒక్క ప్రశ్న మీ చదువులో ఏడాదిని కాపాడవచ్చు.

పద్ధతులు ఓపికగా నేర్పే ల్యాబ్‌ని చిన్నచూపు చూడకండి. బయోకెమిస్ట్ యల్లాప్రగడ సుబ్బారావు గారు హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి 1925లో ప్రచురించింది ఫాస్ఫరస్‌ని కొలిచే పద్ధతి. ఆ కొలత చేతిలో ఉండబట్టే కణాలకు శక్తినిచ్చే ఫాస్ఫరస్ పదార్థాలు, 1927లో ఫాస్ఫోక్రియాటిన్, 1929లో ఏటీపీ, వాళ్లకు దొరికాయి. ఆయనకు పీహెచ్‌డీ వచ్చింది 1930లో. ఈ వరుస నాకెంతో ఇష్టం, ప్రతి కొత్త విద్యార్థికీ చెబుతాను.

చేరాక కుదరకపోతే ఎలా అన్నది పెద్ద టెన్షన్. ల్యాబ్ వదిలేస్తే వీసా పోతుందని భయపడి ఏళ్ల తరబడి అవమానాలు భరించినవాళ్లను చూశాను, చాలా బాధేస్తుంది. మీ వీసాకు ఆధారమైన ఐ-20 పత్రం ఇచ్చింది యూనివర్సిటీ, పీఐ కాదు. అదే ప్రోగ్రామ్‌లో, ఫుల్‌టైమ్ విద్యార్థిగానే ఉంటూ ఒక ల్యాబ్ నుంచి ఇంకో ల్యాబ్‌కి మారితే స్టేటస్‌కి ఏమీ కాదు. ప్రోగ్రామ్‌నే వదిలేయడం, మాస్టర్స్‌కి మారిపోవడం మాత్రం వేరే సంగతి. అలాంటి ఏ నిర్ణయమైనా ఇంటర్నేషనల్ స్టూడెంట్ ఆఫీసుతో మాట్లాడాకే తీసుకోండి. ముందు ప్రోగ్రామ్ డైరెక్టర్‌తోనో, థీసిస్ కమిటీలో మీకు చనువున్న ఒకరితోనో చెప్పుకోండి. నాలుగో ఏడాది దాకా ఆగకుండా, రెండో ఏడాదిలోనే చెప్పండి. మాస్టారి ముందు నోరెత్తకపోవడమే మర్యాద అని పెరిగాం మనం. ఇక్కడ నోరు విప్పకపోతే మీకు కష్టం లేదనే అనుకుంటారు.

ఎంబీబీఎస్ చేసి వస్తున్నవాళ్లకు ఒక మాట. ఈ పీహెచ్‌డీతో రోగులను చూసే లైసెన్సు రాదు. దానికి యూఎస్ఎంఎల్ఈ లైసెన్సు పరీక్షలు, విదేశాల్లో వైద్యం చదివినవాళ్లకు కావలసిన ఈసీఎఫ్ఎంజీ సర్టిఫికేషన్, ఆసుపత్రిలో శిక్షణ అయిన రెసిడెన్సీ అన్నీ విడిగా ఉన్నాయి. రెసిడెన్సీయే లక్ష్యమైతే పీహెచ్‌డీ దగ్గరి దారి కాదు. ఇంకొకటి, రోగుల శాంపిళ్లతో పనిచేసేటప్పుడు వాళ్ల వివరాలేవీ సొంత ల్యాప్‌టాప్‌లోకి, వాట్సాప్‌లోకి వెళ్లనివ్వకండి. సాయం చేద్దామనే పంపినా, రోగుల వివరాల గోప్యతను కాపాడే హిపా చట్టం కింద అది ఉల్లంఘనే కావచ్చు.

ల్యాబ్ ఖాయం చేసుకునే ముందు అక్కడ చదివి వెళ్లిపోయినవాళ్లను ఇద్దరినైనా పట్టుకోండి. పూర్తిచేసిన వాళ్లొకరు, మధ్యలో మానేసిన వాళ్లొకరైతే మరీ మంచిది. పేర్లు పాత పేపర్లలో దొరుకుతాయి. మెయిల్‌లో ప్రశ్నలన్నీ రాయకుండా పదిహేను నిమిషాలు మాట్లాడటానికి వీలవుతుందా అని మాత్రమే అడగండి. రాతలో అందరూ "మంచి ల్యాబ్" అనే అంటారు. ఫోన్‌లో, "మళ్లీ మొదలుపెట్టాల్సి వస్తే అక్కడే చేరతారా?" అని అడిగి, ఆగి వినండి.