స్పీకర్లు వినడానికి వెళ్తున్న అల్లుడికి

చిరంజీవి అల్లుడికి,
మామయ్య ఆశీస్సులు.

నీ మెసేజ్ చూశాను. శనివారం షాపులో రెండు జతల స్పీకర్లు వింటావట, పరీక్షకు పనికొచ్చే పది ఆల్బమ్‌ల పేర్లు చెప్పమన్నావు. పది అక్కర్లేదు. నాలుగైదు చాలు, కానీ అవి నీకు కంఠతా వచ్చి ఉండాలి. షాపులో మొదటిసారి విన్న పాటతో స్పీకర్‌ని అంచనా వెయ్యలేవు. ఏది రికార్డింగ్ గుణమో, ఏది స్పీకర్ గుణమో తేల్చుకోవడానికి ఆధారం ఉండదు. అందుకని ఈ వారమంతా రాత్రిపూట హెడ్‌ఫోన్‌లో వీటినే విను.

షాపువాళ్లు ముందుగా ఏం పెడతారో చెప్పనా? ఈగిల్స్ అనే అమెరికా బృందం 1994 నాటి లైవ్ 'హోటల్ కాలిఫోర్నియా'. గిటార్ల మధ్య ఆ డ్రమ్ము దెబ్బ పడగానే గది అదురుతుంది, నీ చెయ్యి పర్సు మీదకి పోతుంది. రికార్డింగ్ మంచిదే, కాదనను. చిక్కేమిటంటే అది దాదాపు ప్రతి స్పీకర్‌లోనూ బాగానే ఉంటుంది. మనకి కావలసింది అన్నిటిలోనూ బాగుండేది కాదు, స్పీకర్ తప్పు చేస్తే పట్టిచ్చేది.

పట్టివ్వాలంటే అసలు శబ్దం ఎలా ఉంటుందో నీ చెవికి ముందే తెలిసుండాలి. సింథసైజర్ బేస్‌కి అసలంటూ లేదు, అది సహజంగా ఉందా లేదా అని ఎవరూ చెప్పలేరు. రెహమాన్ పాటలంటే నీకు ప్రాణమని తెలుసు. 1992లో 'రోజా' వచ్చినప్పుడు ఆ బేస్ విని మేమూ నోరెళ్లబెట్టినవాళ్లమే. అవి చివర్లో సరదాకి పెట్టుకో. తీర్పు చెప్పడానికి మాత్రం మనిషి గొంతు, తీగవాద్యం, చర్మవాద్యం కావాలి. ఇక్కడ మనకో ఇబ్బంది ఉంది. కచేరీ విన్నామంటాం గానీ, సభల్లో మనకి చేరేది మైకులోంచి వెళ్లి హాలు బాక్సుల్లోంచి బయటికొచ్చిన మృదంగం. అంటే మన జ్ఞాపకంలో ఉన్నదీ ఒక స్పీకర్ శబ్దమే. మైకు లేకుండా చేతికందే దూరంలో మనవాళ్లందరూ విన్నది పెళ్లిపందిట్లో సన్నాయీ, డోలూ. డోలు దెబ్బ చెవికంటే ముందు పొట్టలో తగలడం, సన్నాయి పైస్థాయికి వెళ్లినా పీలగా అయిపోకపోవడం గుర్తు తెచ్చుకో. వీలైతే మృదంగం నేర్చుకుంటున్న ఏ పిల్లవాడి ఎదురుగానో పావుగంట కూర్చుని రా. సమీక్షలు పది చదివినదానికంటే ఆ పావుగంట ఎక్కువ పనికొస్తుంది.

ఇక పేర్లు. నా లెక్కలో మొదటిది 'ఎ మీటింగ్ బై ద రివర్'. మన విశ్వమోహన్ భట్ మోహనవీణ, అమెరికావాడు రై కూడర్ స్లైడ్ గిటార్, వెంట తబలా, డుంబెక్ అనే చేతి డ్రమ్ము. వాటర్ లిలీ అకౌస్టిక్స్ 1993లో విడుదల చేసింది, మరుసటి ఏడాది గ్రామీ కూడా వచ్చింది. శాంటా బార్బరాలో ఒక చిన్న ప్రార్థనా మందిరంలో వాళ్లని కూర్చోబెట్టి, కవిచంద్రన్ అలెగ్జాండర్ ఒక జత మైకులతో, వాల్వు పరికరాలతో అనలాగ్ టేపు మీదకి ఎక్కించాడు. ఒక్కో వాద్యానికి ఒక్కో మైకు పెట్టి తర్వాత తీరిగ్గా మిక్సింగ్ బల్ల మీద కలిపింది కాదు. ఎవరు ఎక్కడ కూర్చున్నారో ఆ దూరాలు, ఆ గది గాలి టేపులోనే ఉన్నాయి. కళ్లు మూసుకుని విను. రెండు తీగవాద్యాలూ రెండు చోట్ల నుంచి రావాలి, అదీ డబ్బాలకి అంటుకున్నట్టు కాకుండా వాటి మధ్య నుంచి, కాస్త వెనక నుంచి. స్లైడ్ తీగ మీద జారుతున్నప్పుడు లోహపు అంచు తెలియాలి గానీ పళ్లు జివ్వుమనకూడదు. అన్నిటికన్నా తబలా బాయా, అంటే ఎడమచేతి పెద్ద డొక్కు మీద దృష్టి పెట్టు. అరచెయ్యి నొక్కి శ్రుతిని వంచినప్పుడు ఆ వంపు మొదలు నుంచి చివరిదాకా వినబడాలి. నాసిరకం స్పీకర్ అక్కడ ఒకే ఒక్క 'బుమ్' అని ఊరుకుంటుంది. ఈ ఒక్క డిస్కుతో సగం పని అయిపోతుందని నా నమ్మకం.

రెండోది 'ద ట్రినిటీ సెషన్'. కౌబాయ్ జంకీస్ అనే కెనడా బృందం 1987 నవంబరులో టొరంటోలోని హోలీ ట్రినిటీ చర్చిలో ఒకే ఒక్క ఆంబిసోనిక్ మైకు (అన్ని దిక్కుల శబ్దాన్నీ పట్టేది) చుట్టూ చేరి వాయించిన ఆల్బమ్. మొదటి పాటలో మార్గో టిమిన్స్ గొంతు ఒక్కటే ఉంటుంది, వాద్యాలు లేవు. ఆ గొంతు చుట్టూ చర్చి ఎంత పెద్దదో తెలియాలి. గొంతు బాగుంది, చర్చి మాయమైందీ అంటే ఆ స్పీకర్ సన్నటి వివరాలు మింగేస్తోందన్నమాట.

గొంతు కోసమే ఇంకొకటి, 1988 నాటి ట్రేసీ చాప్‌మన్ మొదటి ఆల్బమ్‌లోని 'ఫాస్ట్ కార్'. నా ఇష్టం కొద్దీ చెప్పడం లేదు. అమెరికాలో స్పీకర్లు తయారుచేసే హర్మన్ కంపెనీ పరిశోధకులు స్పీకర్లని తెర వెనక పెట్టి జనానికి వినిపించే పరీక్షల్లో దీన్ని ఏళ్ల తరబడి వాడారు. లోపాలు తొందరగా బయటపెట్టే పాటల్లో ఇది ముందు వరసలో నిలిచింది. మొదట గిటారూ గొంతే, తర్వాత డ్రమ్సూ బేసూ వచ్చి చేరతాయి. అవి చేరాక కూడా గొంతు మొదట్లో ఉన్నంత స్పష్టంగా ఉందా అని చూడు. స, శ, ష లాంటి చప్పుళ్లు గొంతు నుంచి విడిపోయి వేరేగా బుసకొడితే ట్వీటర్, అంటే పైస్థాయి శబ్దాలు పలికే చిన్న స్పీకర్ గొడవ అది.

మైల్స్ డేవిస్ జాజ్ ఆల్బమ్ 'కైండ్ ఆఫ్ బ్లూ' నీకు తెలిసే ఉంటుంది. 1959లో న్యూయార్క్‌లో, పాత చర్చిని స్టూడియోగా మార్చిన కొలంబియా 30వ వీధి గదిలో చేశారు. కోల్ట్రేన్ శాక్సోఫోన్ ఎడమవైపు, ఆడర్లీది కుడివైపు, ట్రంపెట్ మధ్యలో. స్పీకర్ వైర్లు తారుమారయ్యాయేమో చూసుకోవడానికి ఇంతకంటే హాయైన దారి లేదు. ఈ ఆల్బమ్‌తో ఇంకో సంగతి కూడా తెలుస్తుంది. రికార్డు చేసిన రోజు ఒక టేపు యంత్రం కాస్త నెమ్మదిగా తిరగడంతో ఎల్‌పీ రికార్డు మొదటి వైపు పాటలన్నీ దశాబ్దాల పాటు అసలు కంటే కొంచెం హెచ్చు శ్రుతిలోనే అమ్ముడుపోయాయి. 1990లలో గానీ దాన్ని సరిదిద్దిన కూర్పులు రాలేదు. కాబట్టి ఆల్బమ్ పేరు ఒక్కటే చాలదు, ఏ కూర్పో కూడా చూసుకోవాలి.

కూర్పుల మాట వచ్చింది గనక చెబుతున్నా, 'రీమాస్టర్డ్' అని రాసి ఉన్నంత మాత్రాన పొంగిపోకు. బాగు చేసినవీ ఉన్నాయి, పాడు చేసినవీ ఉన్నాయి. 1990ల నుంచి డిస్కుని వీలైనంత గట్టిగా మోగించాలన్న పోటీ మొదలైంది. మెల్లగా ఉన్న చోట్లని పైకి లేపి, పైకెగిరే దెబ్బల తలలు నరికేస్తారు. మెటాలికా అనే రాక్ బృందం 2008 ఆల్బమ్ 'డెత్ మాగ్నెటిక్' వచ్చినప్పుడు వాళ్ల అభిమానులే గోల చేశారు. అలాంటి డిస్కు పెట్టి స్పీకర్ కరకరమంటోందంటే పాపం స్పీకరేం చేస్తుంది? ఒకే ఆల్బమ్‌కి రెండు కూర్పులు దొరికితే వాల్యూమ్ అదే ఉంచి రెండూ విను. మెల్లగా వినిపించినదే తరచుగా మంచిది, నాబ్ నువ్వే తిప్పుకోవచ్చు.

వయొలిన్ల గుంపు కోసం ఇళయరాజా 1986 ఆల్బమ్ 'హౌ టు నేమ్ ఇట్' ఉంచుకో. త్యాగరాజస్వామికీ బాఖ్‌కీ అంకితమిచ్చింది. వి.ఎస్. నరసింహన్ సోలో వయొలిన్ ఒకపక్క, వెనకాల వరసలు ఒకపక్క విడివిడిగా తెలియాలి. అన్నీ కలిసి రేకు చప్పుడయ్యాయంటే ఆ జత వద్దు.

పాత తెలుగు పాటలు పరీక్షకి పనికిరావని నీ స్నేహితుడు అన్నాడట. ఒకందుకు బ్రహ్మాండంగా పనికొస్తాయి. ఘంటసాల గారు 1950, 60లలో పాడినవి మోనో, అంటే రెండు స్పీకర్లకీ వెళ్లేది ఒకటే. సరిగ్గా మధ్యలో కూర్చుంటే ఆయన గొంతు రెండు డబ్బాల నడుమ ఖాళీలో, వేలు పెట్టి చూపించగలిగేంత కచ్చితంగా నిలబడాలి. ఎడమకో కుడికో జరిగినా, వెడల్పుగా పరుచుకున్నా ఆ రెండు స్పీకర్లకీ జత కుదరలేదు, లేదా పెట్టిన చోటు తప్పు. కొత్త తాళవాద్యాలు అతికించి 'స్టీరియో' చేసిన కూర్పులు మాత్రం తేకు.

షాపులో పట్టుబట్టాల్సినది ఒకటుంది, శబ్దం సమానంగా ఉండాలి. ఒక జత సెన్సిటివిటీ, అంటే అదే పవర్‌కి ఎంత గట్టిగా మోగుతుందో ఆ లెక్క, 86 డెసిబెల్, ఇంకో జతది 90 అనుకో. నాబ్ అదే చోట ఉన్నా రెండోది గట్టిగా మోగుతుంది, గట్టిగా మోగినదే బాగుందని చెవి మోసపోతుంది. ఫోన్లో శబ్దం కొలిచే యాప్ వేసుకో, కూర్చున్న చోట రెండిటికీ ఒకే అంకె వచ్చేలా సర్దమను. బేస్, ట్రెబుల్, లౌడ్‌నెస్ అన్నీ ఆపించు. పాటలు నీ సీడీలైనా, పెన్‌డ్రైవ్‌లో ఫ్లాక్ (నాణ్యత తగ్గకుండా దాచే) ఫైళ్లయినా తీసుకెళ్లు. జర్మనీలో పాటని కుదించి చిన్న ఫైలుగా చేసే ఎంపీ3 తయారు చేస్తున్న రోజుల్లో సుజాన్ వేగా వాద్యాలు లేకుండా పాడిన 'టామ్స్ డైనర్' పాటే ఆ పనిలో ఉన్న ఇంజనీరు బ్రాండెన్‌బర్గ్‌ని ముప్పుతిప్పలు పెట్టింది. ఒంటరి గొంతుని కుదిస్తే లోపం అంత తొందరగా బయటపడుతుంది. యూట్యూబ్‌లోంచి దింపిన పాట పెట్టి తీర్పు చెప్పకు.

బేస్ గురించి మాత్రం షాపు మాట నమ్మొద్దు. బేస్ గిటార్ అడుగు తీగ 41 హెర్ట్జ్, చిన్న షెల్ఫు స్పీకర్లు చాలావరకు అక్కడిదాకా గట్టిగా దిగవు. పైగా నీ గది గోడలే సగం బేస్‌ని నిర్ణయిస్తాయి. ఒక్క స్వరమే పదేపదే గుమ్మంటుంటే స్పీకర్‌ని తిట్టకముందు దాన్ని గోడ నుంచి ఒక జానెడు ముందుకి లాగు. ఇంటికి తెచ్చి రెండ్రోజులు వినే వీలుందా అని ముందే అడుగు, మంచి షాపులు కొన్ని ఒప్పుకుంటాయి.

టెలార్క్ రికార్డు కంపెనీ వాళ్ల '1812 ఓవర్చర్' జోలికి మాత్రం పోకు. దాంట్లో నిజం ఫిరంగులే పేల్చారు, స్పీకర్లు పాడవుతాయి జాగ్రత్త అని డిస్కు మీదే హెచ్చరిక వేశారు. నువ్వుండేది అపార్ట్‌మెంట్‌లో, పైగా కింద ఉండేది ఇంటి ఓనరు.

రై కూడర్ డిస్కూ, ఇళయరాజాదీ నా దగ్గరున్నాయి. రేపు కొరియర్‌లో పంపుతున్నాను, గురువారానికి అందుతాయి. పని కాగానే తిరిగి పంపు, మీ అత్తయ్యకి ఇళయరాజా లేకపోతే తెల్లారదు.

ఇట్లు
మీ మామయ్య