క్రికెట్ మైదానానికి, పిల్లలతో పార్కుకు వెళ్ళేటప్పుడు పిస్టల్ వెంట ఉండాలా?

ఈ ఏడాది గ్రీన్ కార్డు వచ్చిందనీ, డాలస్ శివార్లలో ఉంటూ కొత్తగా ఒక పిస్టల్ కొన్నారనీ, ఆదివారం క్రికెట్‌కూ పిల్లలతో పార్కుకూ వెళ్ళేటప్పుడు దాన్ని చొక్కా కింద పెట్టుకుని వెళ్ళడం మంచిదేనా అనీ అడిగారు. వద్దు అని నా సమాధానం. చేతి తుపాకీ వెంట ఉంచుకోవడానికి టెక్సాస్ ఇచ్చే లైసెన్స్ నాకు వచ్చి చాలా ఏళ్ళయింది. రాత్రివేళ పెట్రోలు బంకుకు వెళ్ళవలసి వచ్చినప్పుడు నేను కూడా నడుముకు పిస్టల్ పెట్టుకునే వెళతాను కాబట్టి, ఆత్మరక్షణ కోసం ఆయుధం ఉంచుకునేవారిని తప్పుపట్టే ఉద్దేశం నాకు లేదు. కానీ దాచుకున్న తుపాకీ ఒంటిని అంటిపెట్టుకుని ఉన్నంతసేపే మన అధీనంలో ఉంటుంది. ఆటలోకి దిగిన మనిషి ఏదో ఒక సమయంలో దాన్ని ఒంటి మీద నుంచి తీసి ఎక్కడో పెట్టక తప్పదు, ప్రమాదం అక్కడే మొదలవుతుంది.

ఒక వేసవిలో మా ఊరి పార్కులో టెన్నిస్ బంతితో మ్యాచ్ ఆడుతున్నాము. మాకు వేగంగా బంతులు వేసే మిత్రుడొకడు అప్పటికి కొద్ది నెలల క్రితమే పిస్టల్ కొన్నాడు. పరుగెత్తుతుంటే నడుము దగ్గర ఒరుసుకుంటోందని, దాన్ని హోల్‌స్టర్‌తో (నడుముకు తగిలించుకునే పిస్టల్ ఒరతో) సహా తీసి తన కిట్ బ్యాగు పక్క అరలో పెట్టి, ఆ రోజు ఆడకుండా గుడారం కింద కూర్చున్న ఒక కుర్రవాడితో "తమ్ముడూ, బ్యాగు కాస్త చూస్తుండు, లోపల పిస్టల్ ఉంది" అని చెప్పి మైదానంలోకి వెళ్ళాడు. కాసేపటికి ఎవరో గట్టిగా కొట్టిన బంతి వాగు పక్క పొదల్లో పడింది. ఆ కుర్రవాడు దాన్ని వెతకడానికి వెళ్ళాడు. ఇంతలో పిచ్ దగ్గర నుంచి ఎవరో "బ్యాగులో ఇంకో బంతి ఉంటుంది, తెండి" అని కేక వేశారు. బంతులు పక్క అరల్లో ఉంటాయని మా పిల్లలందరికీ తెలుసు.

నేను స్కోరు రాస్తూ తల తిప్పేసరికి ఆరేళ్ళ పిల్లవాడొకడు బ్యాగు ముందు మోకాళ్ళ మీద కూర్చుని, ఎడమ చేత్తో నల్లటి హోల్‌స్టర్ పట్టుకుని, కుడి చేత్తో పిస్టల్ పిడిని లాగుతున్నాడు. అది సగం బయటికి వచ్చేసింది. వాడి వెనుక మూడు అడుగుల దూరంలో చాప మీద ఇద్దరు తల్లులు పులిహోర వడ్డిస్తున్నారు. నేను వాడి రెండు చేతులనూ నా చేతులతో మూసి, పిస్టల్‌ను హోల్‌స్టర్‌లోకి నొక్కి, నేలవైపు తిప్పి తీసుకున్నాను. గుడారానికి దూరంగా వెళ్ళి మ్యాగజైన్ (తూటాల అర) తీసి స్లైడ్ (పిస్టల్ పైభాగం) వెనక్కి లాగితే, పేలడానికి సిద్ధంగా ఛాంబర్‌లో ఉన్న తూటా ఎగిరి గడ్డిలో పడింది. అది బొటనవేలితో వేసే సేఫ్టీ మీట లేని రకం పిస్టల్. ట్రిగ్గర్ నొక్కితే పేలడమే. పిల్లవాడి తల్లి అప్పటికి గానీ చూడలేదు. ఆమె ఎవరినీ ఒక్క మాట అనకుండా ఇద్దరు పిల్లలనూ కారులో కూర్చోబెట్టి తలుపులు వేసుకుంది.

ఆ బౌలర్ నిర్లక్ష్యపు మనిషి అనుకోకండి. కారులో పిల్లల సీటు బెల్టు బిగించి, మళ్ళీ లాగి చూసుకునే తండ్రి అతను. పరుగెత్తడం, వంగడం, డైవ్ చేయడం ఉన్న ఆటలో ఎంత జాగ్రత్తపరుడైనా చేసేది అతను చేసిన పనే. టెక్సాస్ చట్టం ప్రకారం, గుండ్లు నింపిన తుపాకీ 17 ఏళ్ళలోపు పిల్లల చేతికి అందేలా నిర్లక్ష్యంగా వదిలేస్తే జరిమానా పడే నేరం. ఆ పిల్లలు దాన్ని పేల్చి ఎవరికైనా ప్రాణహాని గానీ తీవ్రమైన గాయం గానీ జరిగితే ఏడాది వరకు జైలు.

మనవాళ్ళు అసలే ఆలోచించని సంగతి మరొకటి ఉంది. బ్యాగు చూస్తుండమని చెప్పిన ఆ కుర్రవాడు హెచ్-1బి వీసా మీద ఉన్నాడు. వేట లైసెన్స్ ఉండడం వంటి కొద్దిపాటి మినహాయింపులు తప్ప, హెచ్-1బి, ఎఫ్-1 వంటి తాత్కాలిక వీసాల మీద ఉన్నవారు తుపాకీని గానీ తూటాలను గానీ తమ అధీనంలో ఉంచుకోవడం ఫెడరల్ చట్టం కింద నేరం. 2022 నుంచి దానికి గరిష్ఠ శిక్ష 15 ఏళ్ళు. తుపాకీ నేరం రుజువైతే దేశం నుంచి పంపించివేయడానికి కూడా అదే కారణమవుతుంది. పిస్టల్ ఉందని చెప్పి మరీ బ్యాగు అప్పగించడమంటే, తమ్ముడు అని పిలిచిన వాడి జీవితాన్నే పణంగా పెట్టడం. మన జట్లలో సగం మంది ఈ వీసాల మీదనే ఉంటారు కాబట్టి ఇది నాకు పిల్లవాడి సంఘటన అంత భయంగానూ ఉంటుంది.

పార్కుకు తుపాకీ వద్దని అన్నప్పుడల్లా ఎవరో ఒకరు డాలస్ దగ్గరి అలెన్ పట్టణం సంగతి ఎత్తుతారు. 2023 మే 6న అలెన్‌లోని అవుట్‌లెట్ మాల్‌లో ఒక దుండగుడు ఎనిమిది మందిని కాల్చి చంపాడు. వారిలో హైదరాబాద్ నుంచి వచ్చిన ఒక యువ ఇంజనీరు కూడా ఉంది. ఆ వారమంతా మా ఇళ్ళలో వేరే మాట లేదు. ఆ భయం నిజమైనది, దాన్ని నేను ఎన్నడూ తక్కువ చేసి మాట్లాడను. కానీ ఆ రోజు అతణ్ణి ఆపింది, వేరే పని మీద అక్కడికి వచ్చి కాల్పుల శబ్దం విని పరుగెత్తిన పోలీసు అధికారి. పక్కన చంటిబిడ్డను ఎత్తుకుని నిలబడ్డ తండ్రి అలా పరుగెత్తలేడు. బిడ్డను వదిలి పరుగెత్తకూడదు కూడా. అసలు బిడ్డను నడుము మీద ఎత్తుకున్నప్పుడు వాడి మడమ సరిగ్గా పిస్టల్ పిడి మీదకే వస్తుంది. జారుడుబల్ల ఎక్కినా, వంగి బంతి అందుకున్నా చొక్కా పైకి లేచి అందరికీ కనిపిస్తుంది, ఎవరో ఒకరు 911కు ఫోన్ చేస్తారు. ఈదడానికి దిగితే మళ్ళీ బ్యాగులోనే పెట్టాలి.

2021 సెప్టెంబరు 1 నుంచి టెక్సాస్‌లో 21 ఏళ్ళు నిండి, చట్టపరమైన అనర్హతలు లేనివారు లైసెన్స్ లేకుండానే చేతి తుపాకీ వెంట ఉంచుకోవచ్చు. అప్పటి నుంచి ఎక్కడికైనా తీసుకుపోవచ్చునని వాట్సాప్ గుంపుల్లో చెప్పుకోవడం నాకు చాలా కోపం తెప్పిస్తుంది. హైస్కూలు, కాలేజీ, వృత్తి క్రీడల పోటీలు జరిగే చోటికి, బడి ఆవరణలోకి, ఆర్లింగ్టన్‌లోని సిక్స్ ఫ్లాగ్స్ వంటి పెద్ద వినోద పార్కుల్లోకి, సగానికి పైగా ఆదాయం మద్యం నుంచి వచ్చే బార్లలోకి తీసుకువెళ్ళడం నిషిద్ధం. గుమ్మం దగ్గర 30.06 (దాచిన తుపాకీతో లోపలికి రావడాన్ని నిషేధించే టెక్సాస్ చట్ట విభాగం సంఖ్య) అని బోర్డు కనిపిస్తే లైసెన్స్ ఉన్నవారు కూడా దాచిన తుపాకీతో లోపలికి వెళ్ళకూడదు. అంటే శుక్రవారం రాత్రి పిల్లల హైస్కూలు ఫుట్‌బాల్ చూడడానికి బయలుదేరిన తండ్రి పిస్టల్‌ను కారు డ్యాష్‌బోర్డు అరలో వదిలి వెళతాడు. అద్దం పగలగొట్టే దొంగకు కావలసింది అదే. ఏ సంగతైనా ఇంటి గుమ్మం దాటకముందే తేల్చుకోవాలి.

మా జట్టు మాత్రం ఆ మ్యాచ్ తర్వాత ఒక నియమం పెట్టుకుంది: తుపాకీతో వచ్చినవారు ఆడరు, బ్యాగుల్లో తుపాకులు ఉండవు, టాస్ వేసేటప్పుడు కెప్టెన్ రెండు జట్లకూ ఆ మాట చెబుతాడు. ఇది తమ హక్కుల్లో జోక్యమని ఇద్దరు జట్టు వదిలి వెళ్ళారు. బౌలర్ ఇప్పటికీ మాతోనే ఆడుతున్నాడు. తన పిస్టల్‌కు సేఫ్ కొని పడకగది అలమరలో బిగించుకున్నాడు.

మిగతా వేళల్లో వెంట ఉంచుకోవాలనుకుంటే, అవసరం లేదని ఎవరు చెప్పినా వినకుండా ముందు లైసెన్స్ తీసుకోండి. బడికి 1,000 అడుగుల లోపు తుపాకీ ఉంచుకోవడాన్ని ఫెడరల్ చట్టం నిషేధిస్తుంది, రాష్ట్రం ఇచ్చిన లైసెన్స్ ఉన్నవారికి అందులో మినహాయింపు ఉంది. మన శివార్లలో బడి దాటకుండా ఏ వీధీ సాగదు. రుసుము 40 డాలర్లు, తరగతి నాలుగు నుంచి ఆరు గంటలు. చివరి పరీక్షలో 3, 7, 15 గజాల దూరాల నుంచి మొత్తం 50 తూటాలు కాల్చాలి. అది కదలకుండా నిలబడి కదలని కాగితం మీద కాల్చే పరీక్ష. పార్కులో అటూ ఇటూ పరుగెత్తే పిల్లల మధ్య కాల్చవలసి వస్తే ఏం చేయాలో ఆ తరగతిలో నేర్పరు.